వైరస్ జ్వరంలో కాల్షియం: రోగనిరోధక కణానికి అది ఆహారమా, సంకేతమా?

పరకాల జీవశాస్త్రం టీచర్

అందరికీ నమస్కారం. నేను పరకాల దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఈ వానాకాలం మా చిన్నవాడికి డెంగీ వచ్చి వారం రోజులకు తగ్గింది. ఆ వారంలో ఒకనాడు పారాసిటమాల్ కోసం మందుల దుకాణానికి వెళ్తే, దానితో పాటు కాల్షియం మాత్రల పట్టీ కూడా చేతిలో పెట్టి, "వైరస్ జ్వరం కదా మేడం, ఇవి వేస్తే రోగనిరోధక శక్తి పెరుగుతుంది" అన్నారు. డాక్టరు రాసిన చీటీలో ఆ మాత్ర లేదు. నేను తీసుకొచ్చాను గానీ పిల్లవాడికి వేయలేదు.

బడిలో ఈ సంగతి చెప్పినప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు లేచి, "కాల్షియం ఎముకలకూ పళ్లకూ కదా టీచర్, వైరస్‌తో దానికేం పని?" అని అడిగింది. రేపు చెబుతానన్నాను. ఇంటికొచ్చి చదివితే, రోగనిరోధక కణాలు పనిచేయాలంటే కాల్షియం తప్పనిసరి అని ప్రతిచోటా కనిపించింది. అలాగైతే దుకాణం వారు చెప్పింది నిజమే కావాలి కదా? ఎక్కడో ఒక మెట్టు తప్పుతున్నానని అనిపిస్తున్నది. తెలిసినవారు ఆ మెట్టు చూపించాలని కోరుతున్నాను.

హన్మకొండ కణశాస్త్ర విద్యార్థిని

టీచర్ గారూ, మీరు తప్పిన మెట్టు చాలామంది తప్పేదే. కాల్షియం లేకపోతే టీ కణం అనే రోగనిరోధక కణం వైరస్‌తో పోరాడలేదన్నది నిజం. కాల్షియం మింగితే ఆ కణం ఇంకా బాగా పోరాడుతుందన్నది నిజం కాదు. నేను పరిశోధన చేసేది కణ సంకేతాల మీదనే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

మన వైపు పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు చూడని పిల్లలు ఉండరు. చెరువు నిండా నీళ్లున్నా తూము తెరిస్తేనే కింది మడి తడుస్తుంది. టీ కణం అటువంటి మడి. దాని చుట్టూ ఉన్న ద్రవంలో విడిగా తిరిగే కాల్షియం అయాన్లు 1 మిల్లీమోలార్‌కు కాస్త పైన ఉంటాయి. కణం విశ్రాంతిగా ఉన్నప్పుడు లోపలి ద్రవంలో అవి దాదాపు 100 నానోమోలార్ మాత్రమే. అంటే గోడకు అవతల ఉన్నది ఇవతల ఉన్నదానికి పదివేల రెట్లు. ఇంత తేడాను కణం ఊరికే ఉంచుకోదు. లోపలికి కారిన ప్రతి అయాన్‌ను పట్టి బయటికో, లోపలే ఉన్న అంతర్జీవద్రవ్యజాలం అనే గదుల్లోకో నెట్టే పంపులు రాత్రింబగళ్లు నడుస్తూ ఉంటాయి. మడిని పొడిగా ఉంచడమే దాని జాగ్రత్త, ఎందుకంటే మడి ఎండి ఉంటేనే నీళ్లు వచ్చిన సంగతి తెలుస్తుంది.

ఇప్పుడు డెంగీ వైరస్ వచ్చిందనుకోండి. గజ్జల్లో, చంకల్లో బిళ్ళ కట్టింది అంటామే, ఆ శోషరస గ్రంథుల్లో డెండ్రైటిక్ కణం అనే మరో రోగనిరోధక కణం వైరస్ ప్రోటీన్ ముక్కను పైకెత్తి చూపుతుంది. వేల రకాల టీ కణాలు దాన్ని తడిమి వెళ్లిపోతాయి. ఆ ముక్కకు సరిగ్గా సరిపోయే గ్రాహకం ఉన్న టీ కణం మాత్రం ఆగిపోతుంది. గ్రాహకం తాకిన కొన్ని క్షణాల్లోనే లోపల ఫాస్ఫోలైపేజ్ సి గామా అనే ఎంజైము మేలుకుని, పొరలోని ఒక కొవ్వు అణువును చీల్చి ఐపీ3 అనే చిన్న అణువును విడుదల చేస్తుంది. ఐపీ3 వెళ్లి అంతర్జీవద్రవ్యజాలం తలుపు తడితే అక్కడ దాచిన కాల్షియం కణద్రవ్యంలోకి చిమ్ముతుంది. ఇది మొదటి తడి, కానీ ఆ గదుల్లోని సరుకు కొద్దిసేపటికే అయిపోతుంది.

అసలు విశేషం ఇక్కడ ఉంది. గది ఖాళీ అయిన సంగతిని పసిగట్టడానికి గది పొరలోనే స్టిమ్1 అనే ప్రోటీన్ కాపలా ఉంటుంది. లోపల కాల్షియం తగ్గగానే అది రూపు మార్చుకుని, కణం బయటి పొరకు దగ్గరగా జరిగి, ఆ పొరలోని ఒరాయ్1 అనే ద్వారాన్ని తెరుస్తుంది. ఊరి నీరడి మడి చూసి తూము ఎత్తినట్టే ఇది. బయటి కాల్షియం లోపలికి ధారగా వస్తుంది, కణద్రవ్యంలో దాని మోతాదు దాదాపు పది రెట్లు పెరుగుతుంది, ఆ పెరుగుదల నిమిషాలతో ముగియకుండా గంటల తరబడి నిలబడితేనే టీ కణం పూర్తిగా మేలుకుంటుంది.

మేలుకోవడమంటే ఏమిటో కూడా చెప్పాలి. పెరిగిన కాల్షియం కాల్‌మోడ్యులిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, అది కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును లేపుతుంది. కాల్సిన్యూరిన్ వెళ్లి ఎన్‌ఫాట్ అనే ప్రోటీన్‌కు అంటించి ఉన్న ఫాస్ఫేట్లను పీకేస్తుంది. ఆ బరువు దిగిన ఎన్‌ఫాట్ కేంద్రకంలోకి వెళ్లి, ఇంటర్‌ల్యూకిన్-2 వంటి జన్యువులను చదివిస్తుంది. అప్పుడే ఆ ఒక్క కణం పది అవుతుంది, వేలు అవుతుంది. తూము మూసుకుని కాల్షియం తగ్గిందంటే, కొద్ది నిమిషాల్లోనే ఎన్‌ఫాట్‌కు మళ్లీ ఫాస్ఫేట్లు అంటుకుని అది కేంద్రకం నుంచి బయటికి వచ్చేస్తుంది. అందుకే అంతసేపు ధార నిలవాలి.

ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు. చెరువు నిండుగా ఉన్నప్పుడు ఇంకో రెండు బిందెలు తెచ్చి పోస్తే తూము తెరుచుకోదు.

జగిత్యాల మందుల దుకాణం

మేడం చెప్పిన వివరణ బాగుంది, చదివి నేర్చుకున్నాను. అయితే దుకాణంలో కూర్చునే మా వైపు నుంచి ఒక మాట చెప్పాలి. మేము మాత్ర అమ్ముడుపోవాలని మాత్రమే ఇవ్వం. కరోనా కాలంలో ఆసుపత్రిలో చేరిన చాలామంది రోగుల రిపోర్టుల్లో రక్తంలో కాల్షియం తక్కువగా ఉండేది. డెంగీ ముదిరిన వారి రిపోర్టుల్లోనూ అలాగే చూశాను. రోగనిరోధక కణాలు కాల్షియాన్ని అంతగా వాడుకుంటాయని మీరే అన్నారు. అలాంటప్పుడు జ్వరంలో అవి వాడేసుకోవడం వల్లనే రక్తంలో తగ్గిందని, దాన్ని మనం భర్తీ చేయాలని అనుకోవడంలో తప్పేమున్నది?

కరీంనగర్ వైద్యుడు

జగిత్యాల మిత్రులు అడిగింది న్యాయమైన ప్రశ్న. వారు చూసిన రిపోర్టులు అబద్ధం కాదు, వాటికి చెప్పుకున్న కారణం మాత్రం సరిపోదు.

మొదట లెక్క చూడండి. పెద్దవాళ్ల ఒంట్లో దాదాపు 1 కిలో కాల్షియం ఉంటుంది, అందులో 99 శాతం ఎముకల్లోనే. రక్తంలో అది కాస్త తగ్గినా పారాథైరాయిడ్ గ్రంథులు వెంటనే గుర్తించి, ఎముక నుంచి తీసి, మూత్రంలో పోయేదాన్ని ఆపి సరిచేస్తాయి. టీ కణంలోకి వెళ్లే కాల్షియం ఆ నిల్వతో పోలిస్తే లెక్కలోకి రానంత తక్కువ. పైగా అది అక్కడే ఉండిపోదు, పంపులు దాన్ని మళ్లీ బయటికి నెడతాయి. కణం కాల్షియాన్ని తినదు, వాడి తిరిగి ఇచ్చేస్తుంది. కాబట్టి "వాడేసుకున్నాయి" అనే మాట నిలవదు.

మరి రిపోర్టులో ఎందుకు తగ్గుతుంది? రక్తంలోని కాల్షియంలో దాదాపు సగం ఆల్బుమిన్ వంటి ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది. మామూలు పరీక్ష ఈ మొత్తాన్ని కలిపి చూపుతుంది. డెంగీ ముదిరినప్పుడు రక్తనాళాల నుంచి ప్లాస్మా కారిపోతుంది, దానితో ఆల్బుమిన్ పోతుంది, మొత్తం కాల్షియం అంకె కిందికి దిగుతుంది. కణాలకు పనికొచ్చే విడి అయాన్ల మోతాదు మాత్రం చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. కొన్నిసార్లు, ముఖ్యంగా ఐసీయూలో ఉన్నవారిలో, విడి కాల్షియం కూడా నిజంగానే తగ్గుతుంది. అప్పుడు మేము దాన్ని కొలిచి, వేళ్లు కొంకర్లు పోవడం, గుండె లయ తప్పడం వంటి లక్షణాలు చూసి, నరం ద్వారా ఇస్తాం. అది గుండె కోసం, కండరాల కోసం చేసే చికిత్స. జబ్బు తీవ్రతకు అది ఒక గుర్తు అని చెప్పవచ్చు గానీ, జబ్బు తీవ్రం కావడానికి అదే కారణమని చెప్పడానికి వీల్లేదు.

దుకాణదారులకు ఉపయోగపడే ఇంకో సంగతి ఉంది, దీన్ని దయచేసి గమనించండి. వానాకాలం జ్వరాల్లో స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జబ్బుల అనుమానం ఉంటే మేము డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాస్తాం. అదే సమయంలో కాల్షియం మాత్ర మింగితే రెండూ కడుపులోనే ముడిపడిపోయి డాక్సీసైక్లిన్ సరిగా ఒంటికి పట్టదు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్‌కు కూడా ఇదే సమస్య. రోగనిరోధక శక్తి కోసమని ఇచ్చిన మాత్ర, అసలు జబ్బు తగ్గించే మాత్రను ఆపేస్తుంది. చీటీలో డాక్సీసైక్లిన్ కనబడితే మీ చేతి కాల్షియం పట్టీ మళ్లీ అరలో పెట్టేయండి.

జగిత్యాల మందుల దుకాణం

డాక్టరు గారూ, ఆల్బుమిన్ సంగతి నాకు తెలియదు. డాక్సీసైక్లిన్ పాలతో వేసుకోవద్దని చెబుతూనే ఉన్నాను గానీ, కాల్షియం మాత్రను దాని పక్కనే పెట్టి ఇచ్చిన రోజులు ఉన్నాయి. ఇక ఇవ్వను.

మంథని విశ్రాంత రసాయనశాస్త్రం మాస్టారు

అమ్మా, హన్మకొండ విద్యార్థినీ, కణం లోపల కాల్షియాన్ని అంత తక్కువగా ఎందుకు ఉంచుకుంటుందన్న ప్రశ్నకు రసాయనశాస్త్రం వైపు నుంచి ఒక మాట కలుపుతాను. ముప్పై ఏళ్లు పిల్లలకు సున్నపు తేట గ్లాసులో గాలి ఊది చూపించినవాణ్ని, ఈ విషయం నాకు చాలా ఇష్టం.

మన వైపు మంచిర్యాల, బసంత్‌నగర్ దగ్గర సిమెంటు కార్ఖానాలు వెలిసింది సున్నపురాయి కోసమే. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేటు, ఎముక అంటే ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేటు. రెండూ నీళ్లలో కరగవు. కాల్షియం స్వభావమే అది: కార్బొనేటో ఫాస్ఫేటో ఎదురైతే పట్టుకుని గట్టిపడుతుంది. జీవకణం తన శక్తి వ్యవహారమంతా ఫాస్ఫేట్లతో నడుపుతుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువులో ఉన్నది మూడు ఫాస్ఫేట్ల గొలుసు. అటువంటి ద్రవంలో కాల్షియం నిండుగా ఉంటే లోపలంతా సున్నం పేరుకున్నట్టవుతుంది. కాబట్టి మొదటి నుంచీ కణాలు కాల్షియాన్ని బయట ఉంచడం నేర్చుకున్నాయని, ఆ ఏర్పాటే తర్వాత సంకేతం పంపడానికి ఆధారమైందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. బయట అంత నిండుగా, లోపల అంత పొడిగా ఉన్నచోట చిన్న సందు తెరిచినా గట్టి సంకేతం అవుతుంది.

ఇక్కడ ఒక తెలుగువాణ్ని తలుచుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించారు, 1929లో కండరంలో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా దాన్ని కనుగొన్నాడు. విద్యార్థిని గారు చెప్పిన పంపులు నడిచేది ఈ ఏటీపీతోనే. అంతర్జీవద్రవ్యజాలంలోకి నెట్టే పంపు ఒక్క ఏటీపీకి రెండు కాల్షియం అయాన్లను మోస్తుంది. జ్వరం లేని రోజున కూడా మీ టీ కణాలు ఈ కూలి కట్టుకుంటూనే ఉంటాయి.

హుజూరాబాద్ అన్న

నేను సైన్సు చదువుకోలేదు, తప్పుగా అడిగితే మన్నించండి. మా తమ్ముడికి మూడేళ్ల కింద కిడ్నీ మార్చారు, అమ్మ ఇచ్చింది. అప్పటి నుంచి రోజూ పొద్దున, సాయంత్రం టాక్రోలిమస్ వేసుకుంటాడు. ఆ మందు కాగితం మీద కాల్సిన్యూరిన్ నిరోధకం అని రాసి ఉంటుంది. పైన మేడం కాల్సిన్యూరిన్ గురించి రాశారు. దానికీ కాల్షియానికీ సంబంధం ఉందా? తమ్ముడు కాల్షియం ఉన్న తిండి మానేయాలా? పోయినేడు అతనికి సీఎంవీ అనే వైరస్ వచ్చి చాలా ఇబ్బంది పడ్డాడు, ఇది ఈ మందు వల్లనే వచ్చిందా?

హన్మకొండ కణశాస్త్ర విద్యార్థిని

అన్నా, మీరు తప్పుగా అడగలేదు. ఈ చర్చలో ఉన్న విషయమంతా మీ తమ్ముడి మందులో ఉంది.

కాల్సిన్యూరిన్ కాల్షియం కాదు. కాల్షియం పెరిగినప్పుడు లేచే ఎంజైము అది. టాక్రోలిమస్ కణంలోకి వెళ్లి ముందు ఒక చిన్న ప్రోటీన్‌తో జతకడుతుంది, ఆ జంట కాల్సిన్యూరిన్ పనిచేసే చోటును అడ్డుకుంటుంది. సైక్లోస్పోరిన్ అనే ఇంకో మందు వేరే ప్రోటీన్‌తో జతకట్టి అదే పని చేస్తుంది. ఈ రెండు మందులూ నేలలోని సూక్ష్మజీవుల నుంచే దొరికాయి: సైక్లోస్పోరిన్ ఒక శిలీంధ్రం నుంచి, టాక్రోలిమస్ జపాన్‌లోని సుకుబా నేలలో 1984లో దొరికిన ఒక బాక్టీరియా నుంచి. రెండింటికీ గురి ఒకటేనని 1991లో తేలినప్పుడే, టీ కణంలో కాల్షియం తర్వాతి మెట్టు ఏమిటో స్పష్టంగా తెలిసింది. అంటే మందు ముందు వచ్చింది, దాన్ని పట్టుకుని వెనక్కి నడిచి శాస్త్రం కణం లోపలి దారిని కనుక్కుంది.

కాబట్టి మీ తమ్ముడి టీ కణాల్లో తూము తెరుచుకుంటుంది, నీళ్లు వస్తాయి, కానీ ఆ నీళ్లతో మొలవాల్సిన విత్తనాన్ని మందు ఆపుతుంది. అలా ఆపకపోతే అమ్మ ఇచ్చిన కిడ్నీని అవి పరాయిదని దాడి చేస్తాయి. ఆ రక్షణకు చెల్లించే మూల్యం వైరస్‌ల మీద కాపలా పలచబడటం. సీఎంవీ మనలో చాలామందిలో చిన్నప్పటి నుంచే నిద్రపోతూ ఉంటుంది, టీ కణాల కాపలా తగ్గినప్పుడు లేస్తుంది. మీరు చేసిన తప్పేమీ లేదు. తిండిలోని కాల్షియం ఎక్కువైనా తక్కువైనా ఈ మందు పని మారదు, ఎందుకంటే అడ్డు పడింది కాల్షియానికి కాదు, దాని తర్వాతి మెట్టుకు.

కరీంనగర్ వైద్యుడు

హుజూరాబాద్ అన్నా, మీరు రాసింది చదివి ఒక్క విషయం గట్టిగా చెప్పాలనిపించింది. వైరస్ వచ్చిందని భయపడి టాక్రోలిమస్ మోతాదును మీరే తగ్గించవద్దు, మానవద్దు. రక్తంలో ఆ మందు మోతాదు కొలిచి, మార్చాల్సి వస్తే మీ కిడ్నీ డాక్టరే మారుస్తారు. దుకాణంలో ఎవరు ఏ కొత్త మాత్ర ఇచ్చినా, చివరికి అది ఆకుపసరు అయినా, వారికి చూపించాకే వేయండి. మీ తమ్ముడికి బతికున్న వైరస్‌తో చేసే టీకాలు ఇవ్వకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

హుజూరాబాద్ అన్న

అమ్మకు ఇదంతా చదివి వినిపించాను సార్. తన తిండి వల్లనే కొడుక్కు వైరస్ వచ్చిందని ఇన్నాళ్లూ అనుకుంటూ ఉన్నది. ఆమెకు ఆ బరువు దిగింది.

ములుగు నర్సమ్మ

నాకు రెండు మాటలున్నాయి. మొదటిది కొంచెం ఆందోళనతో రాస్తున్నాను. ఈ చర్చ చదివి ఎవరైనా గర్భిణులు కాల్షియం మాత్రలు పక్కన పడేస్తారేమోనని నా భయం. నాలుగో నెల నుంచి రోజుకు 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండు, కాన్పు తర్వాత ఆరు నెలల వరకు మేము ఇచ్చేది వైరస్ కోసం కాదు, తల్లికి బీపీ పెరిగి వచ్చే గండం తగ్గాలని, బిడ్డ ఎముకల వల్ల తల్లి ఎముకలు గుల్ల కాకూడదని. అవి మానవద్దు. ఐరన్ మాత్రతో కలిపి ఒకేసారి వేయవద్దు, అంతే. తైదల అంబలి, నువ్వులు, పెరుగు మామూలుగా తినండి. జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని చెప్పింది, మా తండాల్లో చాలామంది దానికి చాలా దూరంలో ఉన్నారు. ఆ లోపం సరిచేయాల్సిందే, ఎముకల కోసం.

రెండోది ప్రశ్న. ఉద్యోగంలో చేరిన కొత్తలో రోటా వైరస్ విరేచనాలతో పసిపిల్లలు కళ్లు లోపలికి పోయి వచ్చేవారు. ఆ వైరస్‌కు కూడా కాల్షియంతో సంబంధం ఉందని ఒక శిక్షణలో విన్నాను. నిజమేనా?

హన్మకొండ కణశాస్త్ర విద్యార్థిని

అక్కా, మీ మొదటి మాట నేనే ముందు రాసి ఉండాల్సింది. గుర్తు చేసినందుకు కృతజ్ఞతలు.

రోటా వైరస్ సంగతి నిజమే. ఇంతవరకు మనం కాల్షియం సంకేతాన్ని రోగనిరోధక కణం వైపు నుంచే చూశాం. వైరస్‌లు కూడా అదే తూమును తమ పంటకు తిప్పుకుంటాయి. రోటా వైరస్ బయటి పొరలోని ప్రోటీన్ ముక్కలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచేది కాల్షియం అయాన్లే. పేగులో కాల్షియం ఎక్కువ కాబట్టి ఆ పొర గట్టిగా ఉంటుంది. కణంలోకి చేరేటప్పుడు చుట్టూ కాల్షియం తగ్గగానే పొర ఊడిపోయి వైరస్ పని మొదలుపెడుతుంది. తాను ఎక్కడ ఉన్నదో అది కాల్షియం చూసి తెలుసుకుంటుందన్నమాట. లోపలికి వెళ్లాక ఎన్‌ఎస్‌పీ4 అనే ప్రోటీన్‌ను తయారుచేసి, అంతర్జీవద్రవ్యజాలం గోడకు రంధ్రం పెట్టి, దాచిన కాల్షియాన్ని కార్చేస్తుంది. కొత్త వైరస్‌లు కట్టుకోవడానికి దానికి ఆ కాల్షియం కావాలి. ఈ ఎన్‌ఎస్‌పీ4 విషంలా పనిచేసి విరేచనాలు కలిగించగలదని 1996లో తేలింది. వైరస్ సోకిన కణం ఏడీపీ అనే చిన్న అణువును విడుదల చేసి, ఇంకా సోకని పక్క కణాల్లో కూడా అలలు అలలుగా కాల్షియం పెంచుతుందని 2020లో చూశారు. సోకిన కణాలు కొన్నే అయినా పేగంతా నీళ్లు వదలడానికి ఇదొక కారణం.

ఇక్కడ కూడా కాల్షియం మాత్ర వేయడం, మానడం వల్ల ఏమీ మారదు. మీకు బాగా తెలిసిన ఓఆర్‌ఎస్ నీళ్లూ, జింకూ, 6, 10, 14 వారాలకు వేసే చుక్కల మందూ కాపాడతాయి. ఆ టీకాల్లో ఒకటైన రోటావాక్ 2015లో మన హైదరాబాద్ నుంచే వచ్చింది.

పరకాల జీవశాస్త్రం టీచర్

నా ప్రశ్నకు ఇంత జవాబు వస్తుందని అనుకోలేదు. ఇవాళ తరగతిలో చెరువు, తూము, నీరడి బొమ్మ వేసి చెప్పాను. పిల్లలకు రామప్ప తూము తెలుసు కాబట్టి వెంటనే అందింది. అదే అమ్మాయి మళ్లీ రెండు ప్రశ్నలు అడిగింది. ఈసారి "రేపు చెబుతాను" అన్నందుకు సిగ్గుపడలేదు. "నీరడి లేకుండా పుట్టినవాళ్లు ఉంటారా?" అన్నది మొదటిది. "తూము మూసుకోకపోతే ఏమవుతుంది?" అన్నది రెండోది.

హన్మకొండ కణశాస్త్ర విద్యార్థిని

ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్నే ఈ శాస్త్రాన్ని ముందుకు నడిపింది.

గది ఖాళీ కావడమే బయటి తలుపు తెరవడానికి సంకేతమని 1986లో పట్నీ అనే శాస్త్రవేత్త ఊహించాడు. ఆ తలుపు గుండా వచ్చే అతి సన్నని విద్యుత్ ప్రవాహాన్ని 1992 నాటికి కొలిచారు. కానీ తలుపు ఏ ప్రోటీనో ఎవరికీ దొరకలేదు. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని పిల్లలు ఒక కుటుంబంలో ఉన్నారు. వారి రక్తంలో టీ కణాలు మామూలు సంఖ్యలోనే ఉన్నాయి, కానీ అంటువ్యాధి వస్తే అవి కదలవు. ఆ కణాల్లోకి కాల్షియం రావడం లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని అమెరికా వెళ్లిన అంజనా రావు గారి బృందం ఒకవైపు ఈ కుటుంబం జన్యువులను, మరోవైపు పండ్ల ఈగ కణాల్లో ఒక్కొక్క జన్యువును ఆపి చూసిన ఫలితాలను పక్కపక్కన పెట్టి, 2006లో ఒరాయ్1ను పట్టుకుంది. అదే ఏడాది ఇంకా కొన్ని బృందాలు కూడా ఆ జన్యువుకే చేరాయి. నీరడి అయిన స్టిమ్1 అంతకు ముందటి ఏడాదే దొరికింది. ఆ పిల్లల్లో జరిగిన తప్పు ఎంత చిన్నదంటే, ఒరాయ్1 ప్రోటీన్‌లో 91వ స్థానంలో ఆర్జినిన్ ఉండాల్సిన చోట ట్రిప్టోఫాన్ ఉన్నది, అంతే. ఒక్క అక్షరం మారి తూము తుప్పుపట్టి బిగుసుకుంది. స్టిమ్1 లేకుండా పుట్టిన పిల్లలను కూడా తర్వాత గుర్తించారు, వారికీ వైరస్‌లే ప్రధాన శత్రువులు. నీరడి లేకపోయినా, తూము బిగుసుకున్నా, మడి ఎండిపోతుంది. వారి చెరువులో నీళ్లకు కొరత లేదని, ఎన్ని మాత్రలు వేసినా లాభం లేదని పిల్లలకు తప్పక చెప్పండి. వారికి కావలసింది ఎముక మజ్జ మార్పిడి.

చంపే టీ కణాల గురించి ఇంతవరకు రాయలేదు, ఇక్కడే చెబుతాను. వైరస్ సోకిన కణాన్ని పట్టుకున్నాక, ఆ టీ కణం తన సంచుల్లోని ఆయుధాలను వదలాలన్నా కాల్షియం లోపలికి రావాలి. వదిలిన ఆయుధాల్లో ఒకటైన పెర్ఫోరిన్ అనే ప్రోటీన్ ఎదుటి కణం పొరకు అతుక్కుని రంధ్రం చేయాలన్నా బయట కాల్షియం ఉండాలి. సహజ హంతక కణాలదీ అదే పద్ధతి. ఒకే అయాన్ మేలుకొలుపులోనూ ఉంది, చివరి దెబ్బలోనూ ఉంది. ఈ సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

రెండో ప్రశ్న ఇంకా లోతైనది. తూము మూసుకోకపోతే మంచిది కాదు. టీ కణం సరిగా మేలుకోవాలంటే కాల్షియం సంకేతంతో పాటు, డెండ్రైటిక్ కణం ఇచ్చే రెండో సంకేతం కూడా కావాలి. అప్పుడు ఎన్‌ఫాట్‌కు ఏపీ-1 అనే ప్రోటీన్ తోడు దొరుకుతుంది. తోడు లేకుండా ఎన్‌ఫాట్ ఒక్కటే కేంద్రకంలో పనిచేస్తే, అది టీ కణాన్ని అలసటలోకి నెట్టే జన్యువులను లేపుతుంది. నెలల తరబడి వదలని వైరస్‌ల విషయంలో టీ కణాలు ఉండి కూడా పోరాడకపోవడానికి ఇదొక కారణమని అదే అంజనా రావు గారి బృందం 2015లో చూపింది. అందుకే కాల్షియం ఎక్కువైతే పోరాటం ఎక్కువవుతుందని అనుకోకూడదు.

కరీంనగర్ వైద్యుడు

దీనికి ఆసుపత్రి వైపు నుంచి ఒక ఉదాహరణ. కరోనా న్యుమోనియా ముదిరి ఊపిరితిత్తుల్లో మంట అదుపు తప్పినవారికి, ఈ ఒరాయ్ తూమునే కొంచెం మూసే ఒక మందును ఇచ్చి విదేశాల్లో పరీక్షించారు. మనవాళ్లు అదే జబ్బుకు కాల్షియం మాత్రలు మింగుతుంటే, అక్కడ కణాల్లోకి కాల్షియం రాకుండా చూసే ప్రయత్నం జరిగింది. అది మామూలు చికిత్సగా స్థిరపడిందని నేను చెప్పడం లేదు. వైద్యులు తూమును ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అని ఆలోచిస్తున్నారని, చెరువులో నీళ్లు పోయాలని ఆలోచించడం లేదని చెప్పడానికే రాశాను.

రోగనిరోధక శక్తి కోసమని 6 లక్షల యూనిట్ల విటమిన్ డి సూదులు మళ్లీ మళ్లీ పొడిపించుకుని, రక్తంలో కాల్షియం మితిమీరి, వాంతులతో, పాడవుతున్న కిడ్నీలతో వచ్చినవారిని నేను చూశాను. పరీక్ష లేకుండా ఆ సూది వేయించుకోవద్దు.

జగిత్యాల మందుల దుకాణం

ఈ నాలుగు రోజులుగా జ్వరమని వచ్చినవారిని "ఇంకేం మందులు వాడుతున్నారు?" అని అడిగాకే ఏదైనా ఇస్తున్నాను. నిన్న ఒకాయన సంచిలో డాక్సీసైక్లిన్ ఉన్నది, కాల్షియం కూడా ఇమ్మని అడిగాడు. ఇవ్వలేదు, ఎందుకో చెప్పాను. ఓఆర్‌ఎస్ పొట్లాలు తీసుకుని వెళ్లాడు.

పరకాల జీవశాస్త్రం టీచర్

ఆ అమ్మాయి ఇవాళ తనే నల్లబల్ల మీద బొమ్మ వేసింది. చెరువు, కట్ట, కట్టలో తూము, కట్ట మీద నీరడి, కింద మడి, మడిలో ఎన్‌ఫాట్ అని రాసిన ఒక మొలక. బాగుందని ఫొటో తీసి ఇక్కడ పెట్టాను. తప్పులుంటే చెప్పండి, రేపు దిద్దుతాను.

హన్మకొండ కణశాస్త్ర విద్యార్థిని

చాలా బాగా వేసింది. ఒక్క దిద్దుబాటు చెప్పండి. నీరడిని కట్ట మీద నిలబెట్టింది, కానీ స్టిమ్1 ఉండేది కట్ట మీద కాదు. మడి లోపల ఒక చిన్న బావి వేయించండి, అదే అంతర్జీవద్రవ్యజాలం. నీరడిని ఆ బావి అంచున కూర్చోబెట్టి, ఒక చెయ్యి బావి లోపల పెట్టించండి, నీళ్లు ఉన్నాయో లేవో ఆ చేతికే తెలుస్తుంది. బావి ఎండినప్పుడు రెండో చెయ్యి చాచి తూము ఎత్తుతాడు. ఆ చెయ్యి అందాలంటే బావి అంచు కట్టకు చాలా దగ్గరగా రావాలి. అసలు కణంలో ఆ రెండు పొరల మధ్య సందు 10 నుంచి 25 నానోమీటర్లు మాత్రమే ఉంటుంది. కాబట్టి బావిని మడి మధ్యలో కాకుండా కట్టకు ఆనించి వేయమని చెప్పండి.

పరకాల జీవశాస్త్రం టీచర్

చెప్పాను. చెరిపి, బావిని కట్ట పక్కకు జరిపింది. నీరడి చెయ్యి ఇప్పుడు తూముకు అందుతున్నది.